నాటక సంఘం పిల్లలకు శిక్షణ తరగతులు నడపాలంటే

ఔత్సాహిక నాటక సంఘాలు పిల్లల తరగతులు మొదలుపెట్టేటప్పుడు ముందుగా ప్రదర్శన తేదీ పెట్టుకుంటాయి. హాలు ఖాయం చేసి, స్క్రిప్టు ఎంచుకుని, ఆ తర్వాత పిల్లల కోసం చూస్తాయి. పని తలకిందులయ్యేది అక్కడే. తరగతులన్నీ ఒకే నాటకానికి రిహార్సల్‌గా మారిపోతాయి. అప్పటికే గట్టిగా, స్పష్టంగా మాట్లాడగలిగిన ముగ్గురు నలుగురికి పాత్రలు దక్కుతాయి. మిగతావాళ్లు జనంలో నిలబడతారు. నేర్చుకోవలసిన అవసరం ఎవరికి ఎక్కువుందో వాళ్లకే తక్కువ అందుతుంది. అందుకని ముందు తరగతిని కట్టండి. ప్రదర్శన ఎంత చిన్నదైనా ఫరవాలేదు.

బ్యాచ్, వయసు, సమయం

మొదటి కార్యక్రమానికి పది వారాలు, వారానికి ఒక తరగతి, తరగతికి 90 నిమిషాలు సరిపోతుంది. అంటే మొత్తం 15 గంటలు. పిల్లల్ని 7–10, 11–14 ఏళ్ల జట్లుగా విడదీయండి. ఈ రెండు వయసులనూ కలిపితే చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూసి వెనక్కి తగ్గుతారు, పెద్దవాళ్లు ‘ఇది చిన్నపిల్లల ఆట’ అని చేతులు కట్టుకుంటారు. 15 దాటినవాళ్లకు వేరే బ్యాచ్ కావాలి. ఏడేళ్లలోపు వాళ్లకు 45 నిమిషాలు చాలు, స్క్రిప్టు అక్కర్లేదు.

బ్యాచ్‌కు 12 నుంచి 16 మంది ఉండాలి. ఎనిమిదికి తగ్గితే ఒకరిద్దరు రానినాడు జట్టు ఆటలు సాగవు. పదహారు ఎందుకు దాటకూడదో లెక్క వేసి చూడండి. 16 మందీ విడివిడిగా రెండేసి నిమిషాలు చేస్తే 32 నిమిషాలు పడుతుంది. అందులో ఒక్కొక్కరు 30 నిమిషాలు ఊరికే కూర్చుంటారు. అదే నలుగురేసి జట్లుగా చేసి, జట్టుకు మూడు నిమిషాలిస్తే 12 నిమిషాల్లో అందరి పనీ చూడొచ్చు. అల్లరికి చాలావరకు కారణం ఈ ఊరికే కూర్చోవడమే. క్రమశిక్షణ గురించి కంగారు పడేముందు ఎవరు ఎంతసేపు ఖాళీగా ఉన్నారో గడియారం పెట్టి చూడండి.

గది 25 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉంటే 16 మందికి సౌకర్యంగా ఉంటుంది. కుర్చీలన్నీ ఒక గోడకు జరిపేయండి. ఉత్త సాక్సులతో పరిగెడితే జారతారు. ఒట్టి కాళ్లతోనో పట్టున్న బూట్లతోనో ఉండాలి. నేల మీద రంగు టేపుతో వేదిక హద్దు గీస్తే ‘ఇక్కడ పాత్ర, అవతల మనం’ అన్న తేడా పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. గది మరీ ప్రతిధ్వనిస్తుంటే అందులో వాచికం, అంటే మాట పలికే తీరు, నేర్పడం కష్టం. మందపాటి పరదాలు వేలాడదీస్తే కొంత నయం.

తేదీలు ప్రకటించేముందు సంఘం సొంత నాటకాల క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. పెద్దవాళ్ల నాటకానికి సెట్ ఎక్కే వారంలో హాలు పిల్లలకు దొరకదు. అయిదో వారంలో తరగతి రద్దయితే సగం అల్లిన సన్నివేశం చెదిరిపోతుంది. పరీక్షల రోజులూ అంతే.

ఎవరు నేర్పాలి

మంచి నటులంతా మంచి శిక్షకులు కాలేరు. అనుభవమున్న నటుడు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: డైలాగ్ తను పలికి చూపించి, ‘ఇలా అను’ అంటాడు. పిల్లలు ఆ స్వరాన్ని అచ్చు దించేస్తారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఎదుటి పాత్ర కాస్త వేరుగా పలికితే బదులివ్వడం వాళ్లకు చేతకాదు. ఎందుకంటే వాళ్లు నేర్చుకున్నది ఒక రాగం మాత్రమే. దీనికి బదులు ప్రశ్నలు అడగండి. ఈ మాట ఎవరితో అంటున్నావు? వాళ్ల దగ్గర్నుంచి నీకేం కావాలి? వాళ్లు ఇవ్వకపోతే ఏం చేస్తావు? ఈ మూడింటికీ జవాబు దొరికితే స్వరం దానంతటదే మారుతుంది. నెమ్మదైన పద్ధతే, కానీ పిల్లలకు చివరికి మిగిలేది ఇదే.

తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. ఒకరు నడిపిస్తారు. రెండోవారు హాజరు, మంచినీళ్లు, దెబ్బలు, ఏడుపులు, ఆలస్యంగా వచ్చినవాళ్లను కలపడం చూసుకుంటారు. ఒక పెద్ద మనిషి ఒక్క పిల్లతో మూసిన గదిలో ఉండకూడదన్న నియమం మొదటిరోజు నుంచే అమలు కావాలి. దరఖాస్తులోనే రెండు ఫోన్ నంబర్లు, ఇంటికి తీసుకెళ్లేది ఎవరు, ఉబ్బసం, అలర్జీల వంటివి, ఫొటోలు తీయడానికి అనుమతి రాయించుకోండి. వెళ్లేటప్పుడు కూడా హాజరు వేయాలి. చాలామంది మరిచిపోయేది ఈ రెండో హాజరే.

90 నిమిషాలు ఎలా పంచాలి

మొదటి 10 నిమిషాలు వలయంగా నిలబడి పేర్లు, పలకరింపులు. 15 నిమిషాలు ఒళ్లు, గొంతు వేడెక్కించే ఆటలు. 20 నిమిషాలు ఆ రోజు నేర్పదలుచుకున్న ఒక్క విషయం. 30 నిమిషాలు జట్లుగా తయారుచేసి చూపించడం. 10 నిమిషాలు చూసినదాని గురించి మాటలు. మిగిలిన అయిదూ ఖాళీగా ఉంచండి, ఏదో ఒకటి వాటిని తినేస్తుంది. ‘ఒక్క విషయం’ అన్నమాట గట్టిగా పట్టుకోండి. చూపు, నడక, గొంతు మూడూ ఒకేరోజు దిద్దబోతే పిల్లలకు తప్పులే తప్ప దారి కనిపించదు.

ఆటల ద్వారా నటన నేర్పే పద్ధతికి అమెరికా నాటక శిక్షకురాలు వయోలా స్పోలిన్ (1906–1994) పెద్ద పునాది వేశారు. షికాగోలో వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ, నీవా బాయిడ్ దగ్గర నేర్చుకున్న సామూహిక ఆటలను ఆమె రంగస్థల శిక్షణగా మలిచారు. ఆమె పద్ధతిలో గ్రహించవలసింది ఇది: ఆటలో పిల్ల మనసు పెట్టడానికి ఒక నిర్దిష్టమైన పని ఉంటుంది, దాంతో ‘నేనెలా కనిపిస్తున్నాను’ అన్న బెదురుకు చోటుండదు. ఆట నడుస్తుండగా ఆపకుండా, పక్కనుంచి చిన్న చిన్న మాటలతో నడిపించాలి. ‘ఇంకా నెమ్మదిగా’, ‘ఆ పెట్టె బరువు చూపించు’ అన్నట్టు.

మొదటి నాలుగు వారాలకు ఈ నాలుగూ చాలు.

నడక, నిలుపు: గదంతా సమానంగా నిండేలా నడవాలి. మీరు ‘ఆగు’ అంటే ఆగాలి. కాసేపయ్యాక మీరేమీ అనరు. అందరూ ఒకరినొకరు గమనించుకుంటూ ఒకేసారి ఆగాలి, ఒకేసారి కదలాలి.

ఇరవై దాకా లెక్క: వలయంగా నిలబడి, కళ్లు మూసుకుని, ముందే అనుకోకుండా ఎవరో ఒకరు ‘ఒకటి’, ఇంకొకరు ‘రెండు’ అంటూ పోవాలి. ఇద్దరు ఒకేసారి పలికితే మళ్లీ మొదటికి. మొదటివారం ఏడు దాటకపోయినా దిగులు వద్దు. వినడం నేర్పడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు.

అద్దం: జంటల్లో ఒకరు కదిలితే రెండోవారు అద్దంలా చేయాలి. నిమిషం తర్వాత మారాలి, ఆ తర్వాత నాయకుడు లేకుండా సాగాలి. ఇక్కడ చెడేది వేగం వల్లే. కదిలించేవాళ్లు జతగాణ్ణి ఓడించాలని చూస్తారు. ఎవరు ముందు కదిలారో బయటివాళ్లకు తెలియకూడదని చెబితే దారికొస్తారు.

నిశ్చల చిత్రం: నలుగురేసి మూడు నిమిషాల్లో, మాటల్లేకుండా, కదలకుండా ఒక ఘటనను ఒళ్లుతో చూపాలి. ఒకవారం ఒక్క చిత్రం. తర్వాతివారం మొదలు, మలుపు, ముగింపు అని మూడు. ఆ పైవారం ఒక చిత్రం నుంచి ఇంకోదానికి మెల్లగా కదలడం, చివరగా ఒక్కొక్కరికి ఒక్క మాట. అయిదోవారం మొదలుపెట్టే సన్నివేశానికి ఎముకలగూడు ఇక్కడే తయారవుతుంది.

చూసినదాని గురించి మాట్లాడేటప్పుడు ‘బాగుంది, బాగోలేదు’ అన్న మాటలు పక్కన పెట్టండి. ‘ఏం కనిపించింది? ఎక్కడ జరుగుతోంది? ఎలా తెలిసింది?’ అని చూసినవాళ్లను అడగండి. తాము అనుకున్నదీ ఎదుటివాళ్లకు కనిపించిందీ ఒకటి కాదని చేసినవాళ్లకు అర్థమైతే, దిద్దుకోవడం వాళ్లే మొదలుపెడతారు.

7–10 ఏళ్ల బ్యాచ్‌కు బ్రిటన్ ఉపాధ్యాయురాలు డొరొతీ హీత్‌కోట్ (1926–2011) ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది: శిక్షకులే ఒక పాత్రగా తరగతిలోకి వచ్చి సాయం అడగడం. దారి తప్పిన మ్యాపుల తయారీదారుగా మీరొస్తే, ఎనిమిదేళ్ల పిల్లలు పెద్దరికం తెచ్చుకుని మీకు సలహాలిస్తారు. మీ పాత్రకు అన్నీ తెలిసి ఉంటే మాత్రం ఆట చచ్చిపోతుంది. 11–14 ఏళ్ల బ్యాచ్‌కు బ్రెజిల్ దర్శకుడు అగస్తో బోల్ (1931–2009) రూపొందించిన ఫోరం నాటకం నప్పుతుంది. అన్యాయంతో ముగిసే అయిదు నిమిషాల సన్నివేశాన్ని ఒకసారి పూర్తిగా ఆడాలి. రెండోసారి ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా ‘ఆపు’ అని, అణగిన పాత్ర స్థానంలోకి వచ్చి వేరే దారి ప్రయత్నించవచ్చు. అన్యాయం చేసే పాత్రను అలా ఎవరూ తీసుకోకూడదు. దాన్ని మంచిగా మార్చేస్తే సమస్య మంత్రం వేసినట్టు మాయమైపోతుంది. ఏ పిల్లకైనా ఇంట్లో నిజంగా జరిగిన విషయాన్ని సన్నివేశంగా పెట్టించకండి. పేర్లు, చోటు మార్చి కల్పన చేయించండి.

గొంతు

‘గట్టిగా చెప్పు’ అంటే పిల్లలు అరుస్తారు, పది నిమిషాల్లో గొంతు పోతుంది. ముందు ఊపిరి. నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చి, ‘స్…’ అంటూ పది దాకా వదలాలి. భుజాలు లేవకూడదు. వారాలు గడిచేకొద్దీ పదిని పదిహేను, ఇరవై చేయండి. తర్వాత జంటలను పది అడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబెట్టి మామూలుగా మాట్లాడించి, ఇరవైకి, ముప్పైకి జరపండి. వినపడాల్సిన మనిషి కళ్లెదుట ఉంటే గొంతు తనంతట సర్దుకుంటుంది.

తెలుగు సంభాషణలో ప్రత్యేకంగా చూడాల్సింది వాక్యం తోక. మన క్రియ చివర వస్తుంది, అవునో కాదో తేలేదీ అక్కడే. ఊపిరి అయిపోయేదీ సరిగ్గా అక్కడే. ‘నేను రేపు వాళ్లింటికి వెళ్…’ అని ఆరిపోతే వెళ్తాడో వెళ్లడో వెనక వరసకు తెలియదు. ప్రతి వాక్యంలో చివరి మాట పలికేటప్పుడు ఒక అడుగు ముందుకు వేయించండి. రెండువారాల్లో తేడా వినిపిస్తుంది. ఒత్తులు, శ-ష-స తేడాలు ఆ తర్వాత దిద్దొచ్చు.

సన్నివేశం నుంచి ప్రదర్శన దాకా

కొత్త పిల్లలకు ఒక నిమిషం ప్రదర్శనకు కనీసం అరగంట సాధన కావాలి. అయిదు నుంచి తొమ్మిదో వారం దాకా తరగతికి గంట చొప్పున అయిదు గంటలు దొరుకుతాయి. అంటే పది నిమిషాల ముక్క. నలభై నిమిషాల నాటకం ఒప్పుకుంటే లెక్క ఎక్కడ తప్పుతుందో ఇక్కడే కనిపిస్తుంది.

పాత్రలకు పోటీ పెట్టకండి. నాలుగు జట్ల చిత్రాలను ఒక కథగా కలపండి. మధ్యలో కథ చెప్పే వంతు అందరూ బృందంగా పంచుకోవాలి. దీనివల్ల ఒకరు చివరిరోజు జ్వరంతో రాకపోయినా పక్కవాళ్లు ఆ మాటలు అందుకుంటారు. పిల్లలు నోటితో అల్లినదాన్ని రాసిపెట్టి, కాగితం ఆరోవారంలో ఇవ్వండి. ముందే ఇస్తే కళ్లు కాగితానికి అతుక్కుపోతాయి. బట్టీ పట్టించడం కన్నా, ఏ మాట దగ్గర ఏ కదలికో కలిపి నేర్పితే ఎక్కువ నిలుస్తుంది. వింగులోంచి (వేదిక పక్క మరుగులోంచి) మాట అందించే ప్రాంప్టింగ్ వద్దు, పిల్లలు వెంటనే అటు తిరిగిపోతారు. మాట మరిస్తే తర్వాతి కదలిక చేయమని, పక్కవాళ్లు సాయపడమని రిహార్సల్‌లోనే అలవాటు చేయండి. కావాలని ఒకరి మాట ఎత్తేసి సాధన చేయించండి.

కొట్టుకునే సన్నివేశంలో చేయి తగలనంత దూరం తప్పనిసరి. పడిపోవడం పడేవాళ్ల చేతిలోనే ఉండాలి, తోసేవాళ్ల బలం మీద కాదు. ముట్టుకోవాల్సిన చోటల్లా ముందు అడిగి ముట్టుకోవాలి. నిచ్చెనలు, లైట్లు పెద్దల పని. పదోవారం తరగతి గదిలోనే తల్లిదండ్రులను పిలవండి. ముందు ఒక ఆట వాళ్లతో కలిసి ఆడించి, తర్వాత పది నిమిషాల ముక్క చూపించండి. ఆట ఆడిన తల్లిదండ్రులు ఆ పది నిమిషాలను వేరే కళ్లతో చూస్తారు.

మిగతా విభాగాలు, డబ్బు

నటించడం ఇష్టంలేని 13 దాటిన పిల్లలకు తెరవెనక పని నేర్పే నలుగురైదుగురి బ్యాచ్ పెట్టండి. మొదటి పాఠం క్యూ (లైటో శబ్దమో మార్చమనే సూచన) కాగితం రాయడం: వరుస సంఖ్య, ఏ మాట దగ్గర, ఏం మారాలి. క్యూ పిలిచేవారు ముందు ‘స్టాండ్‌బై’ అని, సరైన క్షణంలో ‘గో’ అనాలి. ఆ పని జరిగేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ ‘గో’ అన్న మాట నోట రాకూడదు, లైటు వెలిగిపోతుంది. బడుల్లోకి వెళ్లి చేయాలనుకుంటే, ఇంగ్లండులోని కోవెంట్రీలో బెల్‌గ్రేడ్ థియేటర్ 1965లో మొదలుపెట్టిన దారి చూడండి. నటులే శిక్షకులుగా తరగతి గదులకు వెళ్లి, పిల్లల్ని కథలో భాగస్వాములను చేశారు. నాటకం ఆడేసి వచ్చేయడం దానికి సాటిరాదు.

ఖర్చుల లెక్క పదహారుగురి రుసుము మీద కాకుండా పది మంది మీద కట్టండి. శిక్షకుల పారితోషికం మొదట పక్కన పెట్టాలి. సేవాభావం మీదే నడిచే తరగతి రెండో విడతకు శిక్షకులను పోగొట్టుకుంటుంది. ప్రతి ఎనిమిది సీట్లలో ఒకటి ఉచితంగా ఇవ్వండి, ఎవరికిచ్చారన్నది సంఘంలో ఒక్కరికి తప్ప తెలియకూడదు.

తరగతి ముగిసిన రోజే ఇద్దరు శిక్షకులూ పావుగంట కూర్చుని రెండే విషయాలు రాసుకోవాలి: ఈరోజు ఎవరు ఒక్కమాటా మాట్లాడలేదు, ఎవరు అందరి సమయమూ తీసుకున్నారు. మాట్లాడని పిల్లను వచ్చేవారం ముందుకు లాగకండి. ముగ్గురి జట్టులో, మాటల్లేని పనిలో పెట్టండి. ఎక్కువ తీసుకునే పిల్లకు జట్టు పని బయటినుంచి చూసి చెప్పే బాధ్యత ఇవ్వండి. వరసగా రెండు తరగతులకు రానివాళ్ల ఇంటికి మూడోది రాకముందే ఫోన్ చేయండి.