అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు స్పీడ్ గురించి పరువు పోకుండా వాదించడం ఎలా?

కొలంబస్‌లో నవంబర్ ఆఖరి వారం వచ్చిందంటే క్యాంపస్ బోర్డుల మీద ఇంగ్లీష్ 'ఎం' అక్షరం కనబడితే చాలు, ఎర్ర టేపుతో ఇంటూ మార్కు కొట్టేస్తారు. మా ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి బద్ధ ప్రత్యర్థి అయిన మిచిగన్ యూనివర్సిటీ పేరు ఆ అక్షరంతో మొదలవుతుంది కదా, అదీ కోపం. నేను మాస్టర్స్‌కి వచ్చిన మొదటి ఏడాది ఇదేదో రిపేర్ పని అనుకుని ఒకడిని అడిగా కూడా, వాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం ఒహాయో స్టేట్, మిచిగన్ ఆడతాయి. స్టేడియంలో లక్ష మంది పైన, బయట పార్కింగ్ లాట్‌లో కార్ల వెనక గ్రిల్లులు, అందరిదీ ఒకటే గొడవ: మా వాడు స్పీడ్, మీ వాడు స్లో. కందకు లేని దురద కత్తిపీటకి అంటారు కదా, ఆడేవాళ్ళు ప్రశాంతంగా ఉంటారు, చూసేవాళ్ళకే బీపీ.

ఆ గొడవలోకి దిగాలంటే ముందు కాస్త తెలియాలి. కోడిగుడ్డు ఆకారం బంతి, చెరో 11 మంది, 100 యార్డుల గ్రౌండ్, నాలుగు ఛాన్సుల్లో 10 యార్డులు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు, లేదంటే బంతి అవతలోళ్ళకి. బంతితో అవతలి చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు; బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపితే ఫీల్డ్ గోల్, 3. ఇంతవరకు చాలు, మిగతాది చూస్తుంటే అదే వస్తుంది.

స్టెప్ 1: 'ఫార్టీ ఎంత?' అనగానే నంబర్ చెప్పకండి, ఎవరు కొలిచారో అడగండి

ఇక్కడ స్పీడ్ అంటే 40 యార్డుల పరుగు. యార్డ్ అంటే మన గజమే, క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే రెండు పిచ్‌లకి నాలుగు గజాలు తక్కువ. ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లోకి వెళ్ళబోయే కుర్రాళ్ళని ఏటా ఇండియానాపొలిస్‌లో పరిగెత్తించి కొలుస్తారు, 2024లో టెక్సాస్ యూనివర్సిటీ రిసీవర్ (విసిరిన బంతి పట్టుకునేవాడు) జేవియర్ వర్తీ 4.21 సెకన్లలో కొట్టి, 2017లో జాన్ రాస్ పెట్టిన 4.22 రికార్డు లేపేశాడు. ఆ వేగంలో సెకనులో పదో వంతు తేడా అంటే గ్రౌండ్ మీద దాదాపు ఒక గజం. గజమే కదా అనుకోవద్దు, రిసీవర్‌కి వెంటపడేవాడికి మధ్య గజం గ్యాప్ ఉంటే బంతి చేతిలో పడుతుంది, లేకపోతే వాడి చెయ్యి అడ్డం వస్తుంది.

కానీ పార్కింగ్ లాట్‌లో వినబడే నంబర్లు చాలావరకు అక్కడివి కావు. హైస్కూల్లో ఉన్నప్పుడు ఏదో క్యాంపులో కోచ్ స్టాప్‌వాచ్ పట్టుకుని నొక్కినవి. కుర్రాడు కదలడం కంటికి కనబడి బొటనవేలు నొక్కేసరికి కొంచెం టైమ్ పోతుంది, గీత దాటడం మాత్రం ముందే తెలుస్తుంటుంది కాబట్టి అక్కడ కరెక్ట్‌గా నొక్కేస్తాం, అందుకే చేత్తో కొలిచిన టైమ్ మెషిన్ కన్నా తక్కువొస్తుంది. ఒకసారి మా పక్క కారు దగ్గర మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఇది నమ్మకపోతే చూడండ్రా అని మా రూమ్మేట్‌ని జీన్స్ ప్యాంట్ మీదే 40 యార్డులు పరిగెత్తించాడు. ముగ్గురం మూడు ఫోన్లలో కొలిచాం. 5.7, 6.0, 6.3. పరుగు ఒక్కటే! మా వాడు ఇప్పటికీ 5.7 అనే చెప్పుకుంటాడు.

అందుకని ఎవరైనా "మావాడు 4.3 బ్రో" అంటే, వాడు స్కూల్లో 100 మీటర్లు పరిగెత్తాడేమో వెతకండి. పెద్ద ట్రాక్ మీట్లలో ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉంటుంది, గాలి ఎంత తోసిందో కూడా పక్కనే రాసుంటుంది, కాబట్టి ఆ నంబర్‌తో అబద్ధం ఆడటం కష్టం.

స్టెప్ 2: ఏ స్పీడ్ గురించి మాట్లాడుతున్నారో తేల్చండి

కబడ్డీ చూసినవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. రైడర్‌కి వంద మీటర్ల పరుగు ఏం ఉపయోగం, రెండడుగుల్లో తిరగాలి, ఆగాలి, మళ్ళీ దూకాలి. ఇక్కడా అంతే, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) చేతిలో బంతి మామూలుగా రెండున్నర మూడు సెకన్లే ఉంటుంది, ఆ లోపల రిసీవర్ ఎలా మొదలెట్టాడు, ఎక్కడ బ్రేక్ వేసి తిరిగాడు అన్నదే సగం కథ. కూపర్ కప్ 2017లో 4.62 పరిగెత్తాడు, రిసీవర్లలో అది స్లో కిందే లెక్క. అదే మనిషి 2021 సీజన్‌లో క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు మూడిట్లోనూ లీగ్‌లో ఫస్ట్ వచ్చి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఎంవీపీ (బెస్ట్ ప్లేయర్) కూడా కొట్టుకెళ్ళాడు.

అట్లాగని ఫార్టీ వేస్ట్ అని కూడా అనొద్దు, అది ఇంకో రకం తొందర. జార్జియా యూనివర్సిటీ డిఫెన్స్‌లో ఆడిన జోర్డన్ డేవిస్ 2022లో దాదాపు 155 కిలోల బరువుతో 4.78 పరిగెత్తాడు. అంత శరీరం అంత వేగంగా మీదకొస్తుంటే ఎదురుగా ఉన్నోడి సంగతి ఆలోచించండి. ఫార్టీ నంబర్ చూస్తే పక్కన బరువు కూడా చూడాలని నేననేది అందుకే.

స్టెప్ 3: ప్లేయర్ స్పీడ్‌నీ టీమ్ స్పీడ్‌నీ కలపకండి

మనోళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఒరెగాన్ యూనివర్సిటీని స్పీడ్ టీమ్ అనేవాళ్ళు, దాంట్లో రెండున్నాయి. ఒకటి కాళ్ళ స్పీడ్. రెండోది టెంపో, అంటే ఒక ప్లే (ఒక ఛాన్సు) అయిపోగానే గ్యాప్ ఇవ్వకుండా లైన్‌లో నిలబడి ఇంకోటి మొదలెట్టేయడం. రూల్ ఏంటంటే బంతి ఉన్న టీమ్ మనిషిని మారిస్తేనే అవతలి టీమ్‌కి మార్చుకునే టైమ్ ఇస్తారు, వీళ్ళు మార్చకపోతే డిఫెన్స్‌లో అలిసిపోయిన భారీ మనుషులు రొప్పుకుంటూ అక్కడే ఇరుక్కుపోతారు. ఎంత స్లో ప్లేయర్లతో అయినా టెంపో ఆడొచ్చు.

సరే, ఆ ఒరెగాన్ 2015 జనవరి 12న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో, కాలేజ్ ఫుట్‌బాల్ మొదటి ప్లేఆఫ్ ఫైనల్‌లో ఒహాయో స్టేట్ చేతిలో 42-20 స్కోరుతో ఓడిపోయింది. ఒహాయోకి ఆడింది మూడో నంబర్ క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్. పని చేసింది మాత్రం ఎజికియెల్ ఎలియట్, బంతి చంకలో పెట్టుకుని 246 యార్డులు, నాలుగు టచ్‌డౌన్లు. బంతి మీ చేతికి రాకపోతే మీ టెంపో ఎక్కడ చూపిస్తారు?

స్టెప్ 4: ఆ క్షణంలో గ్రౌండ్ మీద ఎవరున్నారో అడగండి

దీనికి నా ఫేవరెట్ ఉదాహరణ అలబామా-ఆబర్న్, 2013 నవంబర్ 30. స్కోర్ 28-28, టైమ్ అయిపోయింది అనుకుంటే అలబామా కోచ్ నిక్ సేబన్ అడిగి మరీ ఒక్క సెకను వెనక్కి వేయించుకుని 57 యార్డుల ఫీల్డ్ గోల్‌కి వెళ్ళాడు. బంతి అందలేదు, కింద పడేలోపే వెనక నిలబడ్డ క్రిస్ డేవిస్ పట్టుకుని ఎడమ పక్క గీత వెంబడే 109 యార్డులు (100 యార్డుల గ్రౌండ్ వెనక ఉండే అదనపు జాగాలోంచి మొదలెట్టాడు లెండి) పరిగెత్తేశాడు. ఆబర్న్ 34-28.

జనం అబ్బ ఏం స్పీడ్ అంటారు. స్పీడే, కాదనను, కానీ ఆ టైమ్‌లో అలబామా వైపు ఉన్నది కిక్ కోసం అడ్డం నిలబడే భారీ లైన్‌మెన్, వాళ్ళు క్రిస్ డేవిస్‌ని ఎప్పుడు పట్టుకుంటారు? కిక్ అందకపోతే వీడు తిరిగి తెస్తాడేమో అని ఆబర్న్ ముందే ఒక మనిషిని వెనక పెట్టింది, నాకు అది స్పీడ్ కన్నా ముందు స్ట్రాటజీ.

స్టెప్ 5: అందరూ రిసీవర్ల గురించి అరుస్తుంటే మీరు లైన్ (మధ్యలో ఎదురెదురుగా తోసుకునే భారీ మనుషులు) గురించి అడగండి

2024 నవంబర్ 30న ఇదే కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌ది దేశంలో రెండో ర్యాంక్, మిచిగన్‌కి ర్యాంకే లేదు. ఇటు జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్‌బుకా లాంటి రిసీవర్లు. మేం పార్కింగ్ లాట్‌లో అల్యూమినియం ట్రేలో పులిహోర, చికెన్ 65 పెట్టుకుని ఎన్ని పాయింట్ల తేడా అనేదే మాట్లాడుకున్నాం, గెలుపు గురించి డౌటే లేదు. కుర్చీ పెద్దాయన ఒక్కడే "మధ్యలో వాళ్ళ ఇద్దరు లావుపాటి కుర్రాళ్ళని ఎవరు కదుపుతారు?" అన్నాడు. మిచిగన్ డిఫెన్స్‌లోని మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్, ఒక్కొక్కడూ 140 కిలోల పైనే. మేం నవ్వాం.

ఒహాయో వాళ్ళు వెళ్ళి వెళ్ళి వాళ్ళిద్దరి మీదకే పరిగెత్తారు, 26 సార్లు పరిగెత్తితే 77 యార్డులు. మిచిగన్ పాస్‌ల మీద (బంతి విసిరి) తెచ్చుకున్నది మొత్తం కలిపి 62 యార్డులే, అయినా 13-10తో గెలిచి వెళ్ళిపోయింది. నెల తిరిగేసరికి జనవరి 1న అదే స్మిత్ ఒరెగాన్ మీద 187 యార్డులు పట్టాడు, ఒహాయో 41-21తో గెలిచి ఆ సీజన్ ఛాంపియన్ కూడా అయింది. కుర్రాడి కాళ్ళు అవే, బంతి వాడి దాకా పంపించారు, అంతే తేడా.

స్టెప్ 6: కిక్ఆఫ్ ముందే రాసి పెట్టండి

మాటలతో వదిలేస్తే మ్యాచ్ అయ్యాక ప్రతివాడూ "నేను ముందే చెప్పా కదా మామా" అంటాడు. వాట్సాప్ గ్రూప్‌లో స్కోరు, దానికి ఒక్క లైన్ కారణం, రెండూ పెట్టించండి. మధ్యాహ్నం 12కి మ్యాచ్ కాబట్టి 11:30 లోపల, తర్వాత అంత గుంపులో నెట్ పని చేయదు. తప్పినవాడు బిర్యానీ. మా గ్రూప్‌లో 2024ది ఇంకా పైన పిన్ చేసే ఉంది, నా పేరు మీద: ఒహాయో 38, మిచిగన్ 10, కారణం: స్పీడ్.