నవ్వు ముఖం ఎక్కడ పెట్టాలి?

"అబ్బో, భలే తొందరగా వచ్చేశావే!" అని మెసేజ్ పెడితే అది సరదానో, దెప్పిపొడుపో చదివేవాళ్లకి తెలీదు. గొంతు వినబడదు కదా. 1982లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ :-) అనే నవ్వు ముఖం గుర్తు వాడదామన్నదీ జోకుని జోకుగా పోల్చుకోవడానికే.

గుర్తు సరదా మాటకి ఆనుకునే ఉండాలి. నాలుగు వాక్యాలు రాసి చివర్లో పెడితే దేనికి నవ్వారో అర్థం కాదు, మధ్యలో అడిగిన బాకీ కూడా జోకైపోతుంది. ఒక్కటి చాలు, వరసగా ఐదు పెడితే ఎగతాళిలా ఉంటుంది.

కన్నీళ్లొచ్చేలా నవ్వే ముఖం, వెక్కివెక్కి ఏడ్చే ముఖం చిన్న తెరమీద ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. చావు కబురు కింద రెండూ వద్దు, "అయ్యో" అని రాసి చేతులు జోడించిన గుర్తు పెట్టండి. పెద్దవాళ్లకి ఉత్త బొటనవేలు పంపే బదులు "సరేనండీ" అనడం నయం.