మొదటి సోలోకు ముందు గ్రౌండ్ సబ్జెక్టులను ఎలా పరీక్షించాలి

విద్యార్థిని తొలిసారి ఒంటరిగా పంపే ముందు రోజు, గ్రౌండ్ సబ్జెక్టుల (నేల మీద నేర్చుకునే పాఠాల) పరీక్ష కోసం ఇన్‌స్ట్రక్టర్ కనీసం రెండు గంటలు కేటాయించుకోవాలి. స్టూడెంట్ పైలట్ లైసెన్స్ కోసం ఇచ్చిన మౌఖిక పరీక్ష ఉందిలే అని దీన్ని దాటవేయకూడదు, ఎందుకంటే అప్పటికి అతనికి విమానంతో పరిచయం దాదాపు లేదు. బల్ల మీద తెల్ల కాగితాలు, ఆ విమానం మాన్యువల్, మేము ఎగిరే బెంగళూరులోని జక్కూరు విమానాశ్రయ పరిసరాల మ్యాపు ఉంటే చాలు.

అనంతపురం నుంచో విజయవాడ నుంచో బెంగళూరు వచ్చి ఎగరడం నేర్చుకుంటున్న మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు నిర్వచనాలను అక్షరం పోకుండా అప్పజెప్పగలరు. ఆ అప్పజెప్పడాన్ని నేను జవాబుగా లెక్కించను. రేడియో మాటలు, చెక్‌లిస్టు ఇంగ్లీషులోనే చెప్పించి, కారణాలు మాత్రం తెలుగులో చెప్పమంటాను. "క్రిటికల్ యాంగిల్ ఆఫ్ అటాక్ దాటితే స్టాల్ అవుతుంది సార్" (రెక్క కోణం హద్దు దాటితే విమానాన్ని పైకి లేపే బలం పడిపోతుంది) అని తడుముకోకుండా చెప్పిన ఒక అబ్బాయిని, "మరి ముక్కు నేల వైపు ఉన్నప్పుడు స్టాల్ అవుతుందా, బాబూ?" అని అడిగితే, "ఎలా అవుతుంది సార్, స్పీడు ఉంటుంది కదా" అన్నాడు. నిర్వచనం నోటికి వచ్చింది కానీ, రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణమే అసలు సంగతి అన్నది అతనికి అందలేదు. ఆ రోజు సోలో వాయిదా వేసి, కాగితం మీద రెక్క బొమ్మ అతనిచేతే గీయించాను.

ఇక్కడి నుంచే, దిగేందుకు రన్‌వేకు అడ్డంగా వచ్చే బేస్ లెగ్ నుంచి, రన్‌వేకు సూటిగా ఉండే ఫైనల్‌కు తిరిగే మలుపులోకి వెళ్లాలి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా సెస్నా 152 శిక్షణ విమానం నేరుగా ఎగురుతూ 40 నాట్ల దగ్గర స్టాల్ అయితే, ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీల బ్యాంకులో (పక్కకు వంపులో) తిరిగేటప్పుడు ఆ వేగం ఎంత అవుతుందో లెక్క కట్టించండి. సుమారు 48 అని రావాలి. రన్‌వే గీత దాటిపోయానని కంగారుపడి రడ్డర్‌తో (తోక మీది చుక్కానితో) ముక్కును లోపలికి నెడితే ఏ రెక్క ముందు పడిపోతుందో అడగండి. లోపలి రెక్క అని చెప్పి, ఆ ఎత్తులో స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) నుంచి బయటపడే వ్యవధి ఉండదని, అందుకే గో అరౌండ్ చేస్తానని (దిగడం మానుకుని మళ్లీ పైకి లేస్తానని) అతనే చెప్పేదాకా మీరు అందించకండి.

తరువాతి ప్రశ్నలు బెంగళూరు నేల గురించి ఉండాలి. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగే దారి) నేల నుంచి 1,000 అడుగులని పుస్తకంలో చదివిన విద్యార్థి, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపించే పీడనపు అమరిక) పెట్టినప్పుడు ఆల్టీమీటరు మీద 4,000 చూడాలని వెంటనే చెప్పాలి. 33 డిగ్రీల ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు) లెక్క వేయించండి: ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు, అదనంగా ఉన్న ప్రతి డిగ్రీకీ 120 అడుగులు కలిపితే దాదాపు 5,900 అడుగులు వస్తుంది. అంటే టేకాఫ్ పరుగు పెరుగుతుంది, ఎక్కే వేగం తగ్గుతుంది. ఉత్తరాన ఆరేడు కిలోమీటర్ల దూరంలో యలహంక వైమానిక స్థావరం ఉంది కాబట్టి, సర్క్యూట్ నుంచి అటు జరిగిపోతే ఏమవుతుందో మ్యాపు మీద వేలు పెట్టి చూపించమనాలి.

కార్బ్యురేటర్ ఐసింగ్‌ను (ఇంజనులో గాలి, ఇంధనం కలిసేచోట మంచు పేరుకోవడాన్ని) చలిదేశాల సమస్యగా కొట్టిపారేసేవారు ఎక్కువ. 22 డిగ్రీల తేమగాలి ఉన్న వానాకాలపు ఉదయం దానికి అనువైన వాతావరణం. కార్బ్యురేటర్‌కు వేడిగాలి పంపే హీట్ మీట లాగగానే ఆర్‌పీఎం పడి, ఇంజను కాసేపు గరగరలాడి, మంచు కరిగాక పుంజుకుంటుంది. ఆ గరగరకు భయపడి హీట్ మూసేయకూడదని అతనికి తెలుసో లేదో తప్పకుండా చూడండి.

ఇంధనం, ఆయిలు, వేగాల పరిమితుల వంటివి రాతపూర్వకంగా పది నిమిషాల్లో తేల్చేయవచ్చు.

పక్క సీటు ఖాళీ అయితే విమానంలో ఏం మారుతుందన్న ప్రశ్నను మాత్రం మరువకూడదు. డెబ్భై కిలోల బరువు తగ్గితే విమానం త్వరగా ఎక్కుతుంది, ట్రిమ్ (చేతి బలం లేకుండా విమానాన్ని నిలకడగా ఉంచే అమరిక) మారుతుంది, ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు ఎత్తే దశలో) ఎక్కువ దూరం తేలుతుంది. ఇది ముందే తెలియని విద్యార్థి, తన చేతిలో ఏదో తప్పు జరిగిందనుకుని కంగారుపడతాడు.

అత్యవసరాల జవాబులు కూర్చుని కాకుండా, ఆపి ఉంచిన విమానంలో చేతులతో చేసి చూపించాలి. టేకాఫ్ తరువాత 300 అడుగుల దగ్గర ఇంజను ఆగితే ముక్కు దించి, 60 నాట్లు నిలబెట్టి, ఎదుటివైపే ఖాళీ చోటు వెతకాలి; రన్‌వే వైపు వెనక్కి తిరగకూడదు. చుట్టూ ఇళ్లు పెరిగిన ఈ ప్రాంతంలో ఆ ఖాళీ చోట్లు ఏవో రెండు వైపులా పేర్లతో చెప్పించండి. రేడియో పోతే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు సంకేతం పంపే పరికరంలో) 7600 పెట్టాలి, టవర్ నుంచి స్థిరమైన ఆకుపచ్చ దీపం కనబడితే ల్యాండింగ్‌కు అనుమతి, స్థిరమైన ఎరుపు అయితే ఇతర విమానాలకు దారిచ్చి సర్క్యూట్‌లోనే తిరగాలి.

అమెరికా నిబంధనల ప్రకారం సోలోకు ముందు రాతపరీక్ష తప్పనిసరి. అందులో తప్పిన ప్రతి ప్రశ్ననూ ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థితో కలిసి సరిచూడాలి. మనమూ పాస్ మార్కుల లెక్క వదిలి అదే పాటించాలి. తప్పిన ప్రశ్నలను తేదీతో రాసి, ఇద్దరూ సంతకం చేసి, మర్నాడు ఉదయం విమానం దగ్గర ప్రీఫ్లైట్ (ఎగిరే ముందు తనిఖీ) చూస్తుండగా వాటినే మాటలు మార్చి మళ్లీ అడగాలి. అప్పటికీ జవాబు తడబడితే ఆ రోజు మీరు పక్క సీట్లోనే కూర్చోండి.