తక్కువ ఖర్చులో స్విచ్డ్ రిలక్టెన్స్ మోటారు తయారు చేయడం ఎలా?

ఈ మోటారులో అయస్కాంతాలు ఉండవు, రోటారు (తిరిగే భాగం) మీద వైండింగ్ (తీగ చుట్టలు) కూడా ఉండదు. తిరిగేది పోల్స్ (పళ్లలా పొడుచుకొచ్చిన భాగాలు) ఉన్న ఇనుప రేకుల దొంతర మాత్రమే. చౌకగా అయ్యేది అందుకే. అలా మిగిలిన డబ్బులో కొంత మాత్రం ఎయిర్ గ్యాప్ (రోటారుకు, చుట్టూ కదలకుండా ఉండే స్టేటరుకు మధ్య ఖాళీ) మీద, డ్రైవ్ (కాయిల్స్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్) మీద పెట్టాలి. అక్కడ కక్కుర్తి పడితే మోటారు మోత పెడుతుందే తప్ప సరిగ్గా లాగదు.

మొదటిసారి చేసేవాళ్లకు 24 వోల్టుల 6/4 మోటారు మంచిది: స్టేటరుకు 6 పోల్స్, రోటారుకు 4, మూడు ఫేజులు (ఒకేసారి ఆన్ అయ్యే కాయిల్ జతలు).

ముందు డ్రాయింగ్. స్టేటరు పోల్ వెడల్పు 30 డిగ్రీలు, రోటారుది 32, ఎయిర్ గ్యాప్ సుమారు 0.3 మి.మీ. పెట్టుకోండి. ఉచితంగా దొరికే FEMM అనే అయస్కాంత క్షేత్రాల సాఫ్ట్‌వేర్‌లో స్టేటరు, రోటారు పోల్స్ ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒకసారి, రోటారు పోల్ రెండు స్టేటరు పోల్స్ మధ్యకు జరిగినప్పుడు ఒకసారి కాయిల్ ఇండక్టెన్స్ చూడండి. ఆ రెండింటి మధ్య తేడా పెరిగితే టార్క్ (తిప్పే బలం) పెరుగుతుంది.

తర్వాత 0.5 మి.మీ. సిలికాన్ స్టీల్ రేకులను లేజర్ కటింగ్ చేయించండి. స్టేటరు వెనక భాగం మందంగా ఉండాలి. ఫేజు ఆన్ అయిన ప్రతిసారీ ఎదురెదురు పోల్స్ స్టేటరును లోపలికి లాగుతాయి, మోత ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. గ్యాప్ చుట్టూ సమానంగా లేకపోతే రోటారు ఒక పక్కకు లాగుతుంది. లేత్ పనికి మంచి మనిషిని చూసుకోండి.

వైండింగ్ తేలిక. కాయిల్‌ను విడిగా చుట్టి పోల్‌కు తొడగడమే. ఎదురెదురు కాయిల్స్‌ను సిరీస్‌లో కలపండి: ఒకటి ఉత్తర ధ్రువమైతే రెండోది దక్షిణం కావాలి.

అసలు పని డ్రైవ్‌లో ఉంది. మామూలు త్రీఫేజ్ ఇన్వర్టరు దీనికి సరిపోదు. ఫేజుకు రెండు మాస్‌ఫెట్‌లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు), రెండు డయోడ్లతో అసిమెట్రిక్ హాఫ్ బ్రిడ్జ్ కట్టాలి. 100 వోల్టుల మాస్‌ఫెట్‌లు, అంతే రేటింగ్ ఉన్న ఫాస్ట్ డయోడ్లు చాలు. రెండు మాస్‌ఫెట్‌ల మధ్య కాయిల్ ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి ఆన్ అయినా సప్లై షార్ట్ కాదు. మాస్‌ఫెట్‌లను ఆన్, ఆఫ్ చేసే చిప్ (గేట్ డ్రైవర్) బూట్‌స్ట్రాప్ రకమైతే, అంటే పై మాస్‌ఫెట్‌కు కావాల్సిన వోల్టేజ్‌ను ఒక కెపాసిటర్‌లో దాచుకునేదైతే, స్టార్టింగ్‌లో కింది మాస్‌ఫెట్‌ను కాసేపు ముందుగా ఆన్ చేయండి. అప్పుడే ఆ కెపాసిటర్ కాయిల్ గుండా ఛార్జ్ అవుతుంది. చాలామంది ఇది మర్చిపోయి గేట్ డ్రైవర్ పోయిందనుకుంటారు!

కరెంటును అదుపు చేయడానికి కింది మాస్‌ఫెట్‌ను ఆన్‌లోనే ఉంచి, పైదాన్ని మాత్రం చాపింగ్ చేయండి (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఉండండి). ఫేజు ముగిసేటప్పుడు రెండూ ఆపితే మిగిలిన శక్తి డయోడ్ల గుండా సప్లైకి తిరిగి వస్తుంది. దాన్ని తీసుకోవడానికి పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ కావాలి, లేదంటే బ్యాటరీ వాడండి. ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్ నుంచి డీసీ ఇచ్చే పవర్ సప్లై) ఒక్కటే పెడితే వోల్టేజ్ ఎక్కిపోతుంది.

షాఫ్టుకు 4 గాడుల డిస్కు, 30 డిగ్రీల ఎడంతో మూడు ఆప్టికల్ సెన్సర్లు బిగించండి. రోటారు పోల్ ఎప్పుడు ఎక్కడ ఉందో వీటితోనే తెలుస్తుంది. రోటారు, స్టేటరు పోల్స్ ఎదురెదురుగా రాకముందే ఫేజు ఆఫ్ కావాలి. దాటాక కూడా కరెంటు మిగిలి ఉంటే అది బ్రేకులా పనిచేస్తుంది. మొదట కరెంట్ లిమిట్ తక్కువగా పెట్టి నడపండి. వేగం పెరిగేకొద్దీ కరెంటు ఎక్కడానికి సమయం చాలదు కాబట్టి ప్రోగ్రాంలో ఫేజు ఇంకా ముందుగానే ఆన్ అయ్యేలా ఆన్ కోణాన్ని జరుపుతూ వెళ్లండి.