తక్కువ గంటలు తిరిగిన పాత విమానం కొనేముందు

నెల కిందట తాడిపత్రి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "అన్నా, సెస్నా 172 ఒకటి అమ్మకానికొచ్చింది. 40 ఏళ్ల బండే, కానీ 1,100 గంటలే తిరిగిందంట. అడ్వాన్సు ఇచ్చేదా?"

"ఇయ్యొద్దప్పా. ముందు ఎన్ని గంటలు తిరిగిందో రాసే లాగ్‌బుక్ ఫోటోలు పంపమను" అన్నాను.

ఫోటోలొచ్చాయి. మొదటి ఎనిమిదేళ్లలో 940 గంటలు. మిగతా 32 ఏళ్లలో 160. అంటే ఏడాదికి అయిదు గంటలు. అది తక్కువ తిరిగిన విమానం కాదు, మూలన పడున్న విమానం.

నేను 27 ఏళ్లు ఫ్లయింగ్ స్కూళ్లలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేసి, ఇప్పుడు అనంతపురంలో ఇంటిపట్టున ఉన్నాను. రెండేళ్లు వేయని బోరు మోటారుకు స్విచ్చి వేస్తే ఏమవుతుందో మన రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. విమానం ఇంజినుదీ అదే కథ. ఇలాంటి సెస్నాల్లో ఉండే ఓ-320 ఇంజిన్‌ను 2,000 గంటలకు గానీ 12 ఏళ్లకు గానీ, ఏది ముందొస్తే అప్పుడు మొత్తం విప్పి, అరిగినవి మార్చి ఓవర్‌హాల్ చేయమని లైకమింగ్ కంపెనీ చెప్తుంది. అమ్మేవాళ్లు గంటలే చెప్తారు. ఏళ్లు మనమే అడగాలి.

ఈ ఇంజిన్లలో వాల్వులను తెరిచే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. నడిచేటప్పుడు ఎగిరిపడే ఆయిలే దానికి ఆధారం. నెలల తరబడి ఆపేస్తే ఆయిల్ కిందికి జారిపోతుంది, చెమ్మ తగిలి తుప్పు మొదలవుతుంది. "వారానికోసారి స్టార్ట్ చేస్తున్నాం సార్" అంటే ఇంకా భయపడండి. నేలమీద పది నిమిషాలు తిప్పితే ఆయిల్‌లోని నీరు ఆవిరయ్యేంత వేడి రాదు. గాల్లో ఓ గంట తిరిగితేనే వస్తుంది.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. 1998లో మా స్కూలుకు ఇలాంటిదే ఒకటొచ్చింది. సిలిండర్లలో గాలి ఎంత నిలుస్తుందో చూసే కంప్రెషన్ టెస్టు చేస్తే నాలుగు సిలిండర్లూ 80కి 74, 75, అంటే బాగున్నట్టే. సంతోషంగా ఓకే రాసేశాను. 40 గంటలు తిరిగాక ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పితే ఇనుప రజను మెరుస్తోంది, అయస్కాంతానికి అతుక్కుంటోంది. వాల్వులను నెట్టే క్యామ్ గుబ్బలు (లోబులు) అరిగిపోయాయి. కంప్రెషన్ టెస్టు పిస్టన్ రింగులనూ వాల్వులనూ చూపిస్తుంది గానీ క్యామ్‌ను చూపించదు. ఆ సంగతి పుస్తకంలో చదివే ఉన్నాను, అయినా మోసపోయాను.

కాబట్టి ఒక్కో వాల్వు ఎంత లేస్తోందో డయల్ గేజితో కొలిపించండి. ఫిల్టర్ మీ కళ్లముందే కోయించండి. అనుమానముంటే ఒక సిలిండర్ విప్పి క్యామ్ చూడటానికి అనుమతి అడగండి. ఈ పని చేసే ఇంజనీరు మీ మనిషై ఉండాలి, అమ్మేవాళ్ల మనిషి కాదు. ఖర్చు మీదే.

గంటల మీటర్లు రెండు రకాలు. హాబ్స్ మీటరు గడియారంలా ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరుగుతుంది. ట్యాకో మీటరు ఇంజిన్ మెల్లగా తిరిగితే మెల్లగానే లెక్కిస్తుంది. అమ్మేవాళ్లు చెప్పే 1,100 దేని లెక్క? మీటరు ఎప్పుడైనా మార్చారా? ఇంజిన్, ప్రొపెల్లర్, బాడీ మూడింటి పుస్తకాలూ మొదటి పేజీ నుంచి ఉండాలి. మధ్యలో ఒకటి పోయిందంటే ధర అక్కడే సగం పడిపోవాలి.

ఇక చూపు పని. టార్చి తీసుకెళ్లి రెక్క మొదళ్లు, బ్యాటరీ కింద, పొట్ట అడుగు చూడండి. సముద్రపు ఊళ్లలో ఉన్నదైతే ఇంకో గంట ఎక్కువ చూడండి. మన ఎండ పొడి ఎండే కాబట్టి తుప్పు కొంత తక్కువ, కానీ రబ్బరు హోసులు, సీళ్లు బిగుసుకుపోయి పగులుతాయి. వేగం కొలవడానికి ఎదురుగాలిని అందుకునే పిటో గొట్టంలో కందిరీగ మట్టిగూడు పెడితే వేగం చూపించే ముల్లు కదలదు. ఎలుకలు దూరి ఉంటే వాటి మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి సీట్ల వెనక వాసన చూడటానికి సిగ్గుపడొద్దు. సెస్నా సీటు పట్టాలు కూడా చూడండి. అరిగితే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారుతుంది. వాటిని తరచూ చూడాలని ప్రత్యేక ఆదేశమే ఉంది, ఎప్పుడెప్పుడు చూశారో పుస్తకంలో వెతకండి.

కాగితాల్లో డీజీసీఏ (పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్, విమానం ఎగరడానికి తగినదేనని ఏటా తీసుకోవాల్సిన ఎయిర్‌వర్దినెస్ రివ్యూ సర్టిఫికెట్ అసలువి చూడండి. జిరాక్సులతో పని లేదు.

ఎక్కడ పెడతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. అనంతపురంలో విమానాశ్రయం లేదు. పుట్టపర్తి, కడప, 2021లో మొదలైన ఓర్వకల్లు ఉన్నాయి గానీ, చిన్న విమానానికి నీడ, పార్కింగ్ దొరుకుతాయా అని రాతపూర్వకంగా అడగండి. ఈ ఇంజిన్‌కు కావాల్సింది ఏవీగ్యాస్ 100ఎల్ఎల్ అనే విమానాల పెట్రోలు. పెద్ద విమానాలకు పోసే జెట్ ఇంధనం పొరపాటున కూడా పోయకూడదు. ఆ పెట్రోలు డ్రమ్ములు ఎవరు తెస్తారో తెలియకుండా కొంటే విమానం మళ్లీ మూలకే చేరుతుంది.

తాడిపత్రాయన సిలిండర్ విప్పమని అడిగితే అమ్మేవాళ్లు కుదరదన్నారు, బేరం అక్కడే ఆగింది. ఇప్పుడు 3,400 గంటలు తిరిగిన ట్రైనింగ్ విమానం ఒకటి చూస్తున్నాడు. ఇంజిన్ ఓవర్‌హాల్ అయ్యి మూడేళ్లే, వారం తప్పకుండా ఎగురుతోందట. శుక్రవారం ఇద్దరం వెళ్తున్నాం. టార్చి, అయస్కాంతం ఇప్పుడే సంచిలో వేసుకున్నాను.