ఎండిన వంకలో బంగారం గాలించడం ఎలా?

మా అబ్బాయి అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉంటాడు. తిరుపతి నుంచి మేమిద్దరం ఆరు నెలలుందామని వెళ్లాం, రెండో నెలకే ఇంట్లో కూర్చోలేక విసుగొచ్చేసింది. ఆదివారాలు వాడు కారెక్కించి అరిజోనా ఎడారిలోకి తీసుకెళ్లేవాడు. అక్కడ చుక్క నీళ్లు లేని వంకల్లో జనం పారలూ జల్లెడలూ పట్టుకుని బంగారం వెతుకుతుంటే మొదటి వారం నవ్వుకున్నాను, రెండో వారం వాళ్లలో నేనూ ఉన్నాను.

ప్యాన్ అనే ఆ గాడుల పళ్లెంలో ఇసుక ఎలా కడగాలో అబ్బాయి చూపిస్తుంటే మా ఆవిడ ఒక్కటే మాట అంది. "ఇది బియ్యం గాలించడమే గదరా!" నిజంగా అంతే. రాళ్ల బియ్యం తినే రోజుల్లో మన ఆడవాళ్లు చట్టిలో బియ్యం పోసి, నీళ్లతో ఊపుతూ బియ్యాన్ని పక్క గిన్నెలోకి జార్చేసి రాళ్లను అడుగున మిగిల్చేవాళ్లు. ఇక్కడ పారేసేది పైది, దాచుకునేది అడుగుది, తేడా అంతే. మేం వెళ్లిన మూడు ట్రిప్పుల్లో నాకంటే ఆమెకే ఎక్కువ దొరికింది.

స్వర్ణముఖిలో కాదు సుమా

శ్రీకాళహస్తి గుడి కట్టిన కూలీలకు స్వర్ణముఖి ఇసుక కూలిగా ఇస్తే అది వాళ్ల కష్టానికి తగ్గట్టు బంగారంగా మారిందని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ కథ నమ్మి జల్లెడ తీసుకుని ఏటికి వెళ్లకండి. మన దేశంలో 1957 నాటి గనుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బంగారం కోసం అన్వేషించడం కూడా నేరమే. ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు ఐదు లక్షల వరకు జరిమానా. శేషాచలం వైపు వెళ్తే అటవీ శాఖ వాళ్లు మిమ్మల్ని ఎర్రచందనం మనిషి అనుకున్నా ఆశ్చర్యం లేదు. చిత్తూరు జిల్లాలో బంగారం లేదా అంటే ఉంది. కుప్పం దగ్గర గుడుపల్లె మండలం చిగురుగుంట గని కోలారు పట్టీలోదే. కానీ అది బండరాయిలో ఉండే బంగారం, పళ్లెంతో వచ్చేది కాదు.

కాబట్టి మనూళ్లో చేయగలిగింది ప్రాక్టీసు, వెతకడం మాత్రం అనుమతి ఉన్న దేశంలో. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో చేతి పనిముట్లతో సరదాకి వెతుక్కోవడానికి చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. అయితే అక్కడి 1872 నాటి గనుల చట్టం కింద ఎవరైనా క్లెయిమ్ (అంటే తవ్వుకునే హక్కు) వేసుకున్న చోట అడుగుపెట్టి తవ్వితే అది దొంగతనమే. మూలల్లో గుంజలు పాతి ఉంటాయి, అవి కనిపించకపోయినా క్లెయిమ్‌లు నమోదయ్యే ఆఫీసు రికార్డులు చూసుకోవాల్సిందే. గిరిజన రిజర్వేషన్ భూములు, నేషనల్ పార్కులు వద్దే వద్దు. కొత్తవాళ్లయితే ప్రెస్కాట్ పక్కన లింక్స్ క్రీక్‌లో మొదలుపెట్టండి, అక్కడ జనం ప్యాన్‌తో గాలించుకోవచ్చు.

ముందు ఇంట్లో

గాలం వేసేవాళ్లు వాడే సీసపు గుళ్లు పది తెచ్చి సుత్తితో పలచగా అణచండి. బకెట్ ఇసుకలో కలిపి గాలించి, చివరికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఇసుక నీటికంటే దాదాపు 2.65 రెట్లు బరువు, సీసం 11.3 రెట్లు, మేలిమి బంగారం 19.3 రెట్లు. సీసమే జారిపోకుండా పట్టగలిగితే బంగారం ఇంకా సులువు. పదికి పదీ వరసగా మూడుసార్లు వచ్చేదాకా ఎడారి మాట ఎత్తకండి. సీసం విషం గనక వంటగిన్నెలు వాడకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వంకను చదవడం

అసలు పనంతా ఇక్కడే ఉంది, తవ్వడం కూలిపని మాత్రమే. ముందు, ఎక్కడ ఇదివరకే దొరికిందో ఆ ప్రాంతానికే వెళ్లాలి. అరిజోనాలో 1863లో రిచ్ హిల్ అనే గుట్ట మీద బంగారు ముద్దలు ఏరుకున్నారు, ఇప్పటికీ ఆ చుట్టుపక్కల వంకల్లో జనం తిరుగుతూనే ఉంటారు. కొత్త చోటు కనిపెడదామని బయల్దేరితే పెట్రోలు దండగ.

వంకలోకి దిగాక పార పక్కన పెట్టి, వరద వచ్చినప్పుడు నీళ్లు ఎలా పరిగెత్తి ఉంటాయో ఊహించుకుంటూ ఒక కిలోమీటరు నడవండి. బంగారం బరువు గనక ప్రవాహం ఊపు తగ్గిన చోట మొదట పడిపోయేది అదే. వంక మలుపు తిరిగేచోట నీళ్లు బయటి గట్టును కోస్తాయి, లోపలి గట్టు వైపు మెత్తబడతాయి, కాబట్టి లోపలి వైపే చూడాలి. పెద్ద బండకు దిగువన, ఇరుకు దాటి వంక వెడల్పయ్యే చోట, ప్రవాహానికి అడ్డంగా లేచిన పరుపుబండ పగుళ్లలో, గట్టున వేలాడే పొదల వేళ్లలో కూడా. ఆ వేళ్లను బకెట్ మీద పట్టి దులపండి, మా ఆవిడకు మొదటి రేకు దొరికింది అందులోనే.

ఎడారి వంకకూ ఏటికీ ఒక తేడా ఉంది. ఇక్కడ నీళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉరికొచ్చి, గంటల్లో ఇంకిపోతాయి. అందుకే బంగారం ప్రతిసారీ అడుగు బండదాకా దిగదు, ఒక్కో వరద పరిచిన గరుసు పొర కిందా, సిమెంటులా గట్టిపడిన సున్నపు పొర మీదా ఆగిపోతుంది. ఆ గట్టి పొర తగిలితే దాన్నే అడుగు అనుకుని దాని మీది రెండు మూడు అంగుళాలు శుభ్రంగా ఊడ్చుకోండి. చిన్న చీపురు, వంచిన స్క్రూడ్రైవర్ చాలు.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు (నేనూ చేశాను) ఒకేచోట పెద్ద గొయ్యి తవ్వడం. అలా కాదు. పది చోట్ల నుంచి తలా ఒక బకెట్ తీసి, నంబర్లు వేసి, విడివిడిగా గాలించి, ఎందులో ఎన్ని మెరుపులు వచ్చాయో రాసుకోండి. ఎగువకు పోతూ ఇదే చేస్తుంటే ఒకచోట మెరుపులు ఉన్నట్టుండి ఆగిపోతాయి. అంటే బంగారం ఆ మధ్యలోనే ఏదో పక్క వంక నుంచో గుట్ట నుంచో దిగిందన్నమాట. రేకులు నున్నగా అరిగిపోయి ఉంటే దూరం నుంచి దొర్లుకొచ్చినవి, గరుకుగా అంచులతో ఉంటే పుట్టిన చోటు దగ్గర్లోనే ఉంది.

నీళ్లు లేకుండా ఎలా?

ముందు అరంగుళం జల్లెడ, తర్వాత పావంగుళం జల్లెడ పట్టండి. పైన మిగిలిన రాళ్లను పారేసే ముందు ఒకసారి చూడండి, ముద్ద దొరికితే దొరికేది అక్కడే. మిగిలిన పొడిని డ్రైవాషర్‌లో పోస్తారు. చేటలో పప్పు చెరగడం తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వాలుగా పెట్టిన గుడ్డ, దాని మీద అడ్డపట్టీలు, కింద నుంచి కొలిమితిత్తిలా గాలి ఊదుతుంటే తేలిక ఇసుక ఎగిరి జారిపోతుంది, బరువుది పట్టీల వెనక ఆగుతుంది. ఒక్కటే షరతు, మట్టి ఎముకలా పొడిగా ఉండాలి. కాస్త తేమ ఉన్నా బంకమట్టి ఉండలు కట్టి, వాటికి అంటుకున్న బంగారం కూడా దొర్లిపోతుంది. వాన పడిన వారం మానుకోండి, లేదా టార్పాలిన్ మీద ఎండబెట్టుకోండి. జారిపోయిన ఇసుకలో ఒక ప్యాన్ నీళ్లలో గాలించి చూడాలి, మెరుపు కనబడితే వాలు తగ్గించాలి.

పట్టీల వెనక మిగిలిన గుప్పెడు మట్టిని ఇంటికి తెచ్చుకుని టబ్బులో గాలించవచ్చు. ప్యాన్‌ను సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, నీళ్లలో ముంచి మట్టిగడ్డలు వేళ్లతో నలిపి, సమంగా పట్టుకుని అటూఇటూ గట్టిగా ఊపండి. ఈ ఊపుతోనే బంగారం అడుక్కి దిగుతుంది. తర్వాత ముందుకు వాల్చి, నీళ్లలో ముంచి లేపుతూ పై పొరను జారనివ్వండి. నాలుగైదు ముంపులకోసారి మళ్లీ సమంగా పట్టి ఊపాలి, తొందరపడితే బంగారం టబ్బులో ఉంటుంది. పిండిలాంటి సన్న బంగారం నీటి మీద తేలుతుంది, రెండు చుక్కలు గిన్నెలు కడిగే లిక్విడ్ వేస్తే మునుగుతుంది. చివర్లో మిగిలే నల్ల ఇసుక చాలావరకు ఇనుపఖనిజమే. దాన్ని ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన అయస్కాంతాన్ని పైపైన తిప్పితే చాలామటుకు అంటుకుపోతుంది. పాదరసం వేస్తే సులువని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆ ఆవిరి నరాలనూ కిడ్నీలనూ తినేస్తుంది.

మెరిసేదంతా బంగారం కాదు, కాకిబంగారం కూడా కావచ్చు. నీడలోకి తెచ్చి చూడండి, అభ్రకం మెరుపు చచ్చిపోతుంది, బంగారం ఎండలోనూ నీడలోనూ ఒకే పసుపు. సూదితో నొక్కితే బంగారం సొట్టపడుతుంది, బంగారంలా కనిపించే పైరైట్ అనే ఖనిజం పొడి పొడి అయిపోతుంది.

ప్రాణం సంగతి

ఎండిన వంక కదా అని తేలిగ్గా తీసుకోకండి. 2021 నవంబరులో స్వర్ణముఖిని చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఎడారిలో వాన ఎక్కడో ఇరవై కిలోమీటర్ల అవతల కొండ మీద పడినా, మీ నెత్తిన ఎండ కాస్తుండగానే నీళ్లు గోడలా వస్తాయి. అరిజోనాలో జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ భయం ఎక్కువ, ఎండ కూడా 45 డిగ్రీలు దాటుతుంది, ఆ నెలల్లో వెళ్లకపోవడమే మంచిది. మిగతా నెలల్లో మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు పెట్టుకోండి. అక్కడి మట్టిలో ఉండే ఒక ఫంగస్ దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోయి వ్యాలీ ఫీవర్ తెస్తుంది, కాబట్టి డ్రైవాషర్ దగ్గర ఎన్95 మాస్కు తప్పనిసరి. బండ సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి, గిలకపాములుంటాయి. పాత గని గోతుల దరిదాపులకు పోవద్దు. వచ్చేటప్పుడు మీ గొయ్యి మీరే పూడ్చండి.

ఎంత దొరుకుతుందీ అంటారా? మూడు ట్రిప్పులకు మా ముగ్గురికీ కలిపి గ్రాములో పదో వంతు కూడా రాలేదు. దాన్ని నీళ్లు నింపిన చిన్న గాజుసీసాలో వేస్తే రెట్టింపు కనబడుతుంది, అందరూ అలాగే దాచుకుంటారు. తూకం వేయాలంటే మాత్రం కాగితం మీద ఆరబెట్టాలి, అప్పుడు ఫ్యాన్ ఆపండి. మేం ఆపలేదు.