మోజెల్ రీస్లింగ్: ఎలా రుచి చూడాలి, పక్కన ఏం వడ్డించాలి

వైట్ వైన్ కొనేటప్పుడు నేను ముందు చూసేది సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే ఆల్కహాల్ శాతం. జర్మనీలో మోజెల్ నది పక్కన నిటారు కొండల మీద పండే రీస్లింగ్ ద్రాక్ష వైన్ అయితే ఆ ఒక్క అంకెతోనే చాలా తెలిసిపోతుంది. రసంలో ఉన్న చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి, 8 శాతం దగ్గర ఆగిపోయిందంటే చక్కెర ఇంకా మిగిలి ఉంది, వైన్ కాస్త తియ్యగా ఉంటుంది. 12 ఉంటే చక్కెర దాదాపు అయిపోయినట్టే. లేబుల్ మీద ట్రోకెన్ అని ఉంటే తీపి లేనిది, ఫైన్‌హెర్బ్ అంటే కొద్దిగా తీపి ఉన్నది. కాబినెట్ అన్న మాట చూసి చాలామంది పొరబడతారు, అది కోసేనాటికి ద్రాక్ష ఎంత పండిందో చెప్పే మాట, తీపిని చెప్పేది కాదు. అందుకే కాబినెట్ ట్రోకెన్ కూడా దొరుకుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయకండి, మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు. ఓ పావుగంట బయట ఉంచి, 8 నుంచి 10 డిగ్రీల దగ్గర, గ్లాసులో మూడో వంతు మాత్రమే పోయండి. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, లేకపోతే అరచేతి వేడికి వైన్ వేడెక్కుతుంది. అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి కనిపిస్తే భయపడక్కర్లేదు, అవి టార్టారిక్ ఆమ్లం నుంచి ఏర్పడిన స్ఫటికాలు. మన చింతపండు పులుపు కూడా ముఖ్యంగా ఆ ఆమ్లానిదే, ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు గ్లాసును మెల్లగా తిప్పి వాసన చూడండి. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, పీచ్ పండు. ఆ కొండల నేలంతా పలకరాయి, చిన్నప్పుడు బడిలో పలకను తడిగుడ్డతో తుడిస్తే వచ్చే వాసన నాకు ఈ వైన్‌లో ఎప్పుడూ తగులుతుంది. పాత రీస్లింగ్ అయితే పెట్రోల్ బంకు వాసన కూడా వస్తుంది, అది లోపం కాదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా వల్ల పాడైనట్టు, అది తాగకండి.

చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. ముందు తీపి తెలుస్తుంది, మింగాక దవడల పక్కన నీళ్లు ఊరతాయి. ఎంత ఊరితే అంత పులుపు. మంచి కాబినెట్‌లో ఈ రెండూ నిమ్మ షర్బత్‌లోలాగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, చక్కెర ఉన్నా మొహం మొత్తదు.

ఇక తిండి. మిరపకాయ మంటను పట్టుకునే నరాల్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది, అందుకే 14 శాతం వైన్‌తో కోడి వేపుడు తింటే నోరు భగ్గుమంటుంది. 8 శాతం కాబినెట్‌లో ఆల్కహాల్ తక్కువ, పైగా ఉన్న తీపి కారాన్ని చల్లారుస్తుంది, పులుపు నూనెను కడిగేస్తుంది. రొయ్యల వేపుడు, మిరపకాయ బజ్జీ, కొబ్బరిపాలు పోసిన కూర, వీటికి ఇంతకంటే బాగా కుదిరిన వైన్ నాకు దొరకలేదు. ముందు ఓ ముద్ద తినండి, తర్వాత గుక్క, మళ్లీ ముద్ద. రెండో ముద్ద మొదటిదానికన్నా రుచిగా అనిపిస్తే జత కుదిరినట్టే.

చేపల పులుసుతో మాత్రం వద్దు. చింతపండు పులుపు ముందు వైన్ పులుపు తేలిపోయి, మిగిలేది చక్కెర నీళ్లే. గోంగూర, ఆవకాయ కూడా అంతే. వైన్ కంటే తియ్యనివి, అంటే బొబ్బట్లూ పాయసమూ, పక్కన పెడితే ఉన్న తీపి కూడా తెలియకుండా పోయి ఒట్టి పులుపే మిగులుతుంది. ట్రోకెన్ కొని ఉంటే కారం తగ్గించి, వెన్నలో వేయించిన చేపతో తాగండి, మోజెల్ ఒడ్డున ట్రౌట్ చేపతో తాగేది అలాగే. వసంతంలో అక్కడ జూన్ 24 దాకా దొరికే తెల్ల ఆస్పరాగస్ అనే కూరగాయతో కూడా చక్కగా ఉంటుంది.

మన దేశంలో ఉన్నవాళ్లు నాసిక్‌లో తయారయ్యే షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌తో మొదలుపెట్టొచ్చు, పద్ధతి ఇదే, కాకపోతే ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి వేపుడులో కారం ఓ చెంచా తగ్గించండి. మిగిలిన సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండుమూడు రోజులు బాగానే ఉంటుంది.